నెట్ మెల్లగా ఉందా? ముందు కొలుద్దాం
(ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో మన సిబ్బంది కుటుంబాల ఆదివారం కలయికలో చేసిన ప్రసంగం)



మన ఇళ్లలో ఈమధ్య కరెంటు పోయిందనే మాట తగ్గింది, నెట్ మెల్లగా ఉందనే మాట పెరిగింది. ఆ మాట వినగానే మనం మూడు పనుల్లో ఒకటి చేస్తాం. కంపెనీకి ఫోన్ చేసి కోప్పడతాం. లేదా నెలకు రెండు మూడు వందలు ఎక్కువ పెట్టి పెద్ద ప్లాన్ తీసుకుంటాం. ఏదీ కాకపోతే రౌటర్ ఆపి మళ్లీ వేస్తాం. మూడింటిలోనూ లోపం ఒక్కటే. తప్పు ఎక్కడుందో కొలిచి చూడకుండానే మందు వేస్తున్నాం.

బ్యాంకులో సాయంత్రం క్యాష్ లెక్క తేడా వస్తే ఏం చేస్తామో మీ ఇళ్లలో అందరికీ తెలుసు, ఎందుకంటే ఆ రోజు ఇంటికి ఆలస్యంగా వస్తాం. తేడా వచ్చిందని ఎవరినో ఒకరిని నిందించి ఇంటికి వెళ్లిపోం. వోచర్లు ఒక్కొక్కటే చూసుకుంటూ వస్తాం. ఇక్కడి వరకు సరిపోయింది, ఇక్కడి నుంచి తేడా అని తేలేవరకు కుర్చీ లేవం. ఇంట్లో నెట్‌కీ అదే పద్ధతి పనికొస్తుంది. అందుకు కావలసిన సాధనాలు ఉచితంగా దొరుకుతాయి. వాటిని తెచ్చుకోవడం, వాడటం, పని అయ్యాక మూసిపెట్టడం ఎలాగో చెప్పడానికే ఇవాళ మీ ముందు నిలబడ్డాను. బ్యాంకులో నేను చూసేది నెట్‌వర్క్ పనే కాబట్టి ఈ విషయం నాకు అప్పగించారు.

ఒక్క మనవి. నేను చెప్పే కమాండ్లు కంప్యూటర్లో ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో టైపు చేయాలి. కొత్త మాట వచ్చినచోట అక్షరాలు విడివిడిగా చెబుతాను, పిల్లలు రాసుకోండి.

స్పీడు వేరు, ఆలస్యం వేరు

ఫోన్లో స్పీడ్ టెస్ట్ యాప్ ఉంది కదా, అది చాలదా అని మీరు అడుగుతారు. ఆ యాప్ మీ ఫోన్ నుంచి ఎక్కడో ఉన్న సర్వర్ దాకా మొత్తం ప్రయాణాన్ని ఒకే అంకెలో చెబుతుంది. దారిలో ఏ ముక్క చెడిందో చెప్పదు. జ్వరం ఉందని థర్మామీటర్ చెబుతుంది, ఎందుకు వచ్చిందో చెప్పదు. ఇదీ అంతే.

పైగా నెట్ మెల్లగా ఉందని మనం అనేదాంట్లో రెండు సంగతులు కలిసిపోయి ఉంటాయి. మన స్టేషన్ ప్లాట్‌ఫారం పొడవు 1,072.5 మీటర్లు. ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పొడవైనది. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్లి దాన్ని దాటాయి. అంత పొడవు ఉండటం వల్ల పెద్ద రైలు నిలుస్తుంది, ఎక్కువమంది ఒకేసారి ఎక్కుతారు. అంతమాత్రాన ఆ రైలు విశాఖపట్నం ముందుగా చేరుతుందా? చేరదు. ప్లాన్‌లో రాసిన 100 మెగాబిట్లు ప్లాట్‌ఫారం పొడవు లాంటిది. ఒక్క సెకనులో ఎంత సరుకు పోగలదో చెబుతుంది. మాట అవతలికి చేరి జవాబు రావడానికి పట్టే కాలం వేరే లెక్క. దాన్ని మిల్లీసెకన్లలో కొలుస్తారు. సెకనులో వెయ్యో వంతు మిల్లీసెకను.

వీడియోలో మాట్లాడటానికి 3, 4 మెగాబిట్లు ఉంటే చాలు. కానీ ఆలస్యం తక్కువగా, నిలకడగా ఉండాలి. మాట ఒకవైపు చేరడానికి 150 మిల్లీసెకన్లు దాటకుండా ఉంటే సంభాషణ హాయిగా సాగుతుందని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ ప్రమాణం చెబుతోంది. అమెరికాలో ఉన్న పిల్లలతో మాట్లాడేటప్పుడు మాట పోయి జవాబు రావడానికి 200 మిల్లీసెకన్లు దాటడం సహజం. గాజు తీగలో వెలుగు సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు మాత్రమే పోతుంది. దూరాన్ని ఏ ప్లానూ తగ్గించలేదు. ఈ ఒక్క సంగతి తెలిస్తే కొన్ని ఇళ్లలో అనవసరపు ఖర్చు ఆగుతుంది.

మొదటి సాధనం పింగ్

పింగ్ అనే ప్రోగ్రాం దాదాపు అన్ని కంప్యూటర్లలో ముందే ఉంటుంది. 1983 డిసెంబరులో అమెరికా సైన్యపు పరిశోధనాలయంలో పనిచేసే మైక్ మూస్ అనే ఆయన, అప్పుడు ఎదురైన ఒక నెట్‌వర్క్ చిక్కును వెతకడానికి దీన్ని రాశారు. జలాంతర్గాములు నీళ్లలోకి శబ్దం పంపి ప్రతిధ్వనిని వింటాయి. ఆ శబ్దం పేరే దీనికి పెట్టారు. మనం ఒక చిన్న పిలుపు పంపుతాం, అవతలి కంప్యూటర్ పలుకుతుంది. ఎంతసేపటికి పలికింది, అసలు పలికిందా లేదా, అంతే లెక్క.

మా వీధిలో రైల్వేలో రిటైరైన ఒక బాబాయిగారున్నారు. ఇది విని ఆయన, "చక్రం మీద సుత్తితో కొట్టి మోత వినేవాళ్లం బాబూ. పగులుంటే మోత మారిపోతుంది. ఇదీ అదేనన్నమాట" అన్నారు. అంతకంటే బాగా నేను చెప్పలేను.

పిలుపు మొదట ఎవరికి పంపాలి? దూరంగా ఉన్న సర్వర్‌కి కాదు, మన ఇంట్లో రౌటర్‌కి. లినక్స్‌లో టెర్మినల్ తెరిచి ఐపీ రూట్ అని కొడితే, డిఫాల్ట్ అనే మాట ఉన్న వరుసలో రౌటర్ చిరునామా కనిపిస్తుంది. విండోస్‌లో ఐపీకాన్ఫిగ్ అని కొడితే డిఫాల్ట్ గేట్‌వే దగ్గర కనిపిస్తుంది. చాలా ఇళ్లలో 192.168 అంకెలతో మొదలవుతుంది. పింగ్ అని కొట్టి, పక్కన ఆ చిరునామా ఇవ్వండి. లినక్స్‌లో మధ్యన హైఫన్ సి 20 అని చేరిస్తే ఇరవై పిలుపులు పంపి ఆగుతుంది. విండోస్‌లో సి బదులు ఎన్.

కేబుల్ మీద ఉంటే జవాబు ఒక మిల్లీసెకను లోపే రావాలి. వైఫై మీద కొన్ని మిల్లీసెకన్లు. ఇరవైకి ఇరవై రావాలి. రౌటర్ దాకానే పిలుపులు తప్పిపోతుంటే ఇక కంపెనీకి ఫోన్ చేయనక్కరలేదు, లోపం మన నాలుగు గోడల మధ్యనే ఉంది. రౌటర్ దాకా శుభ్రంగా ఉండి, బయటికి పంపిన పిలుపులు పోతుంటే అప్పుడు బయట వెతకాలి.

ఏ స్టేషన్ల మధ్య ఆలస్యం?

బయట వెతకడానికి ట్రేస్‌రూట్ ఉంది. విండోస్‌లో దాన్నే ట్రేస్‌ఆర్‌టీ అని పిలవాలి. మనలో చాలామంది తాతలు శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి బెంగాల్ నాగపూర్ రైల్వే పనికి వచ్చి ఈ ఊళ్లో స్థిరపడ్డవాళ్లే. పండక్కి ఊరెళ్లే దారి మనకు కంఠస్థం. బాలాసోర్, భద్రక్, కటక్, భువనేశ్వర్, ఖుర్దా రోడ్, బరంపురం, పలాస, శ్రీకాకుళం రోడ్. బండి శ్రీకాకుళం రోడ్‌కి రెండు గంటలు ఆలస్యంగా చేరిందనుకోండి. ఖుర్దా రోడ్‌లో సమయానికే ఉండి, బరంపురంలో రెండు గంటలు ఆలస్యంగా ఉంటే, కాలం ఆ రెంటి మధ్య పోయిందని తెలిసిపోతుంది. ట్రేస్‌రూట్ చేసేది అదే. దారిలో ఉన్న ఒక్కొక్క మజిలీ పేరు, అక్కడి దాకా పోయి రావడానికి పట్టిన కాలం వరుసగా చూపిస్తుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. కొన్ని మజిలీల దగ్గర అంకెల బదులు చుక్కల గుర్తులు వస్తాయి. అది చూసి లింకు తెగిపోయిందని కంగారు పడకూడదు. ఆగని స్టేషన్‌లో బండి ఎక్కడం దిగడం ఉండదు కదా. కొన్ని యంత్రాలు ఇలాంటి పిలుపులకు జవాబివ్వవు, సరుకును మాత్రం ముందుకు పంపిస్తూనే ఉంటాయి. తర్వాతి మజిలీలు, చివరి మజిలీ బాగుంటే దారి బాగున్నట్టే. ఒకచోట మొదలైన ఆలస్యం చివరిదాకా కొనసాగితేనే అది నిజమైన ఆలస్యం.

ఐపెర్ఫ్ తెచ్చుకోవడం

పింగ్ ఆలస్యాన్ని చెబుతుంది. రెండు కంప్యూటర్ల మధ్య దారిలో ఎంత సరుకు పడుతుందో చెప్పదు. దానికి ఐపెర్ఫ్3 కావాలి. ఐ, పి, ఇ, ఆర్, ఎఫ్, పక్కనే 3 అంకె. అమెరికాలో శాస్త్ర పరిశోధనాలయాలను కలిపే ఈఎస్‌నెట్ అనే నెట్‌వర్క్ వాళ్లు, లారెన్స్ బర్క్‌లీ లాబొరేటరీలో దీన్ని తయారుచేసి ఉచితంగా ఇచ్చారు. పెద్ద పెద్ద పరిశోధనాలయాల మధ్య లింకులు కొలిచే సాధనమే మన వరండాలోనూ పనిచేస్తుంది.

ఉబుంటు, డెబియన్ ఉన్న కంప్యూటర్లో టెర్మినల్ తెరవండి. ప్యాకేజీలు తెచ్చే ప్రోగ్రాం పేరు ఆప్ట్. ఎ, పి, టి. కంప్యూటర్లో మార్పు చేసే కమాండ్ ముందు సుడో అని పెట్టాలి. ఎస్, యు, డి, ఓ. అంటే మేనేజర్ అధికారంతో చేస్తున్నామని అర్థం, పాస్‌వర్డ్ అడుగుతుంది.

మొదటి మెట్టు, సుడో ఆప్ట్ అప్‌డేట్. ఇది ఏ ప్యాకేజీనీ మార్చదు. గోదాములో ఏమేం ఉన్నాయో తాజా జాబితా మాత్రం తెస్తుంది. రెండో మెట్టు, ఆప్ట్ షో ఐపెర్ఫ్3. తెచ్చుకోబోయేది ఏమిటి, ఎంత పెద్దది, ఏయే ఇతర ముక్కలు దాంతో రావాలి అన్నది చదవండి. మూడో మెట్టు, సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ఐపెర్ఫ్3.

అప్పుడు తెర మీద ఒక వరుస వస్తుంది. ఎన్ని కొత్తగా వస్తున్నాయి, ఎన్ని మారుతున్నాయి, ఎన్ని పోతున్నాయి అని. చెక్కు మీద మొత్తం చూడకుండా సంతకం పెట్టం కదా, ఈ వరుస చదవకుండా అవునని నొక్కకండి. ఐపెర్ఫ్‌తో దాని సహాయక ముక్కలు ఒకటి రెండు వస్తాయి, అది మామూలే. పోతున్నవాటి లెక్క సున్నా కాకపోతే ఆగి చూడండి, అనుమానం ఉంటే ఎన్ నొక్కి బయటికి రండి.

ఈమధ్య వచ్చిన ఉబుంటు, డెబియన్‌లలో ఇంకో ప్రశ్న కూడా అడుగుతుంది. ఐపెర్ఫ్‌ను ఎప్పుడూ వెనకాల నడుస్తూ ఉండేలా పెట్టమంటారా అని. వద్దు అనండి. మనకు కావలసినప్పుడు మనమే నడుపుతాం.

ఆప్ట్ ద్వారానే ఎందుకు తెచ్చుకోవాలి, గూగుల్‌లో వెతికితే ఎక్కడైనా దొరుకుతుంది కదా అని పిల్లలు అడుగుతారు. మన దగ్గర ఖాతాదారు నమూనా సంతకం ఉంటుంది, చెక్కు వస్తే దానితో పోల్చి చూస్తాం. ఆప్ట్ కూడా అదే చేస్తుంది. గోదాము జాబితా మీద వాళ్ల డిజిటల్ సంతకం ఉంటుంది. కంప్యూటర్‌లో ముందే ఉన్న తాళంతో ఆ సంతకాన్ని సరిచూస్తుంది. వచ్చిన ప్యాకేజీ ఆ జాబితాలో రాసినదానితో అక్షరం పొల్లు పోకుండా సరిపోయిందా అని కూడా చూస్తుంది. ఎక్కడో దొరికిన ఫైలుకి ఈ సరిచూపు ఉండదు.

వెనక గదిలో ఇంటర్వ్యూ

ఇప్పుడు వాడటం. ఇందాక చెప్పిన బాబాయిగారింట్లో జరిగింది చెబుతాను, వారి అనుమతితోనే. వాళ్లమ్మాయికి వారం రోజుల్లో ఉద్యోగం ఇంటర్వ్యూ, వీడియోలో. స్నేహితురాలితో అలవాటు కోసం మాట్లాడితే నిమిషానికోసారి బొమ్మ గడ్డకడుతోంది, మాట ముక్కలవుతోంది. పింఛను డబ్బులోంచి బాబాయిగారు అప్పటికే రెండుసార్లు ప్లాన్ పెంచారు. మూడోసారి పెంచుదామని కూర్చున్నారు. చదువుకున్నంత చదువుకుని, అడిగిన ప్రశ్న వినబడక ఉద్యోగం పోతుందేమోనని ఆ పిల్లకి నిద్ర లేదు.

రౌటర్ ముందు గదిలో ఉంది. అమ్మాయి కూర్చునేది వెనక గదిలో, మధ్యన పాత రైల్వే క్వార్టర్ల మందపాటి ఇటుక గోడలు రెండు. ముందు పింగ్ చేశాం. వెనక గది నుంచి రౌటర్‌కి ఇరవై పిలుపులు పంపితే మూడు తప్పిపోయాయి, వచ్చినవాటిలో కొన్నింటికి నాలుగు వందల మిల్లీసెకన్లు దాటింది. అదే లాప్‌టాప్ ముందు గదిలో పెడితే ఇరవైకి ఇరవై, అన్నీ అయిదు మిల్లీసెకన్ల లోపే.

తర్వాత ఐపెర్ఫ్. దీనికి రెండు కంప్యూటర్లు కావాలి. ఒకటి వినేది, ఒకటి పంపేది. నా లాప్‌టాప్‌ను కేబుల్‌తో రౌటర్‌కి కలిపి, ఐపెర్ఫ్3 హైఫన్ ఎస్ అని కొట్టాను. ఎస్ అంటే సర్వర్. అది 5201 అనే పోర్టు దగ్గర వింటూ కూర్చుంటుంది. అమ్మాయి లాప్‌టాప్‌లో ఐపెర్ఫ్3 హైఫన్ సి, పక్కన నా లాప్‌టాప్ చిరునామా. పది సెకన్లు సరుకు పంపి లెక్క చెప్పింది. వెనక గదిలో సెకనుకు 6 మెగాబిట్లు, ముందు గదిలో 80 దాటింది. రీట్రాన్స్‌మిట్ అనే వరుసలో, తప్పిపోయి మళ్లీ పంపాల్సినవి ఎన్నో ఉంటుంది. వెనక గదిలో ఆ అంకె పెరుగుతూనే ఉంది. చివర హైఫన్ పెద్ద ఆర్ చేరిస్తే ఎదురు దిక్కు కొలుస్తుంది, అదీ చూశాం. అటూ అంతే.

6 మెగాబిట్లున్నాయి కదా, వీడియోకి చాలవా? సగటు చాలు, నిలకడ లేదు. అందుకని వీడియో మాటకు దగ్గరగా ఉండే పరీక్ష చేశాం. హైఫన్ యు, హైఫన్ బి 3ఎం, హైఫన్ టి 30 చేరిస్తే, సెకనుకు 3 మెగాబిట్ల చొప్పున అర నిమిషం పాటు, పోయినదాన్ని మళ్లీ పంపకుండా పంపుతుంది. వందకు ఎన్ని పోయాయో చివర చెబుతుంది. వెనక గదిలో వందకు ఎనిమిది పోయాయి. ఇంత పోతే మాట ముక్కలు కాక ఏమవుతుంది?

చూశారా, ఈ పరీక్షల్లో ఇంట్లోంచి ఒక్క చుక్క కూడా బయటికి పోలేదు. నెట్ ప్యాకేజీ ఖర్చు కాలేదు. బయటి లింకు పది మెగాబిట్లదైనా వెయ్యి మెగాబిట్లదైనా ఆ గదిలో ఫలితం ఇదే. ప్లాన్ మూడోసారి పెంచినా ప్రయోజనం లేదని పావుగంటలో తేలిపోయింది.

బాబాయిగారింట్లో ఒక కేబుల్ చుట్ట ఊరికే పడి ఉంది. గోడ వెంట లాగి వెనక గదికి చేర్చాం. మళ్లీ కొలిస్తే 94 మెగాబిట్లు, పోయినవి సున్నా. అమ్మాయి మొహం వెలిగింది. బాబాయిగారు మాత్రం, రౌటర్ మీద గిగాబిట్ అని రాసి ఉంటే తొంభైనాలుగే వచ్చిందేమిటి అని పట్టుకున్నారు. మంచి ప్రశ్న. ఆ కేబుల్లో ఎనిమిది తీగలు, నాలుగు జతలుగా ఉంటాయి. గిగాబిట్‌కి నాలుగు జతలూ కావాలి. ఒక జత తెగినా, సరిగా అతకకపోయినా లింకు 100 మెగాబిట్లకు దిగిపోతుంది. అందులో చిరునామాలకూ కవర్లకూ పోగా 94 మిగులుతుంది. కాబట్టి ఐపెర్ఫ్ 94 దగ్గర ఆగిందంటే మొదట చూడాల్సింది కేబుల్ కొసలు. వీడియోకి 94 ఎక్కువే అని చెప్పినా ఆయన ఊరుకోలేదు. మర్నాడు కొత్త కనెక్టర్ తెచ్చి కొస మళ్లీ బిగించారు. 930 దాటింది.

ఇంటర్వ్యూలో ఒక్క మాట తెగలేదు. ప్లాన్ మళ్లీ పాతదానికి తగ్గించుకున్నారు. ఉద్యోగం సంగతి ఆ పిల్ల చదువు చూసుకుంటుంది. కనీసం గోడ అడ్డం రాలేదు.

మీ ఇంట్లో కేబుల్ లాగడానికి వీల్లేకపోతే, రౌటర్‌ను ఇంటి మధ్యకు, కాస్త ఎత్తుకు మార్చి మళ్లీ కొలవండి. ఇనుప బీరువా వెనక, టీవీ వెనక పెట్టకండి. ఒక్కసారి ఒక్క మార్పే చేయండి. రెండు ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

పని అయ్యాక

తెచ్చుకోవడం ఎంత ముఖ్యమో, పని అయ్యాక సర్దడం అంత ముఖ్యం. స్ట్రాంగ్ రూమ్ తలుపు తెరిచి పని చూసుకుని అలాగే వదిలి ఎవరూ ఇంటికి రారు.

సర్వర్‌గా నడుస్తున్న ఐపెర్ఫ్‌ను కంట్రోల్, సి కలిపి నొక్కి ఆపండి. పరీక్ష కోసం ఫైర్‌వాల్‌లో 5201 పోర్టు తెరిచి ఉంటే మూసేయండి. తెరిచిన కమాండ్ సుడో యుఎఫ్‌డబ్ల్యూ అలవ్ 5201 అయితే, మూసేది సుడో యుఎఫ్‌డబ్ల్యూ డిలీట్ అలవ్ 5201. రౌటర్‌లో బయటి ప్రపంచానికి ఈ పోర్టు ఎప్పుడూ తెరవకండి. ఇంట్లో పరీక్షకు ఆ అవసరమే లేదు.

ఆప్ట్ పాలసీ ఐపెర్ఫ్3 అని కొడితే మీ దగ్గరున్నది ఏ వెర్షన్, ఎక్కడి నుంచి వచ్చింది అని చెబుతుంది. డీపీకేజీ హైఫన్ పెద్ద ఎల్ ఐపెర్ఫ్3 అంటే ఏయే ఫైళ్లు ఎక్కడ పెట్టిందో జాబితా ఇస్తుంది. కొత్త వెర్షన్లు, భద్రత సవరణలు రావడానికి అప్పుడప్పుడు సుడో ఆప్ట్ అప్‌డేట్, తర్వాత సుడో ఆప్ట్ అప్‌గ్రేడ్ చేయండి. ఇక అవసరం లేదనుకుంటే సుడో ఆప్ట్ రిమూవ్ ఐపెర్ఫ్3. సెట్టింగులతో సహా పోవాలంటే రిమూవ్ బదులు పర్జ్. దానితో వచ్చి ఇప్పుడు ఎవరికీ అక్కర్లేని ముక్కలు పోవడానికి సుడో ఆప్ట్ ఆటోరిమూవ్. అప్పుడు కూడా తెర మీద జాబితా చదివాకే అవునని నొక్కండి.

బ్యాంకు వాళ్లకు నచ్చే విషయం ఒకటుంది. ఆప్ట్ తన డేబుక్ తానే రాసుకుంటుంది. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏ కమాండ్‌తో, ఏది వచ్చింది, ఏది పోయింది అనేది వార్, లాగ్, ఆప్ట్ ఫోల్డర్లలో హిస్టరీ అనే ఫైల్లో ఉంటుంది. ఇంట్లో కంప్యూటర్ పిల్లలందరూ వాడుతుంటే, నెలకోసారి ఆ ఫైలు తెరిచి చూడటం మంచి అలవాటు.

కొన్ని హద్దులు

ఈ పనులన్నీ మన సొంత కంప్యూటర్లో, మన సొంత ఇంటి నెట్‌లో. ఆఫీసు లాప్‌టాప్ ఇంటికి తెచ్చినా అది ఆఫీసుదే. దాంట్లో ఏదీ పెట్టకండి, పిల్లలను ముట్టుకోనివ్వకండి. ఐపెర్ఫ్ దారినంతా సరుకుతో నింపి కొలుస్తుంది. బ్రాంచి లింకు మీద పనివేళల్లో ఎవరైనా నడిపితే కౌంటర్ దగ్గర జనం నిలబడిపోతారు. అక్కడ కొలవాల్సింది ఆ బాధ్యత ఉన్నవాళ్లు, అనుమతితో, వేళ చూసుకుని. పక్కింటి వైఫై మీదా ప్రయోగాలు వద్దు. మొబైల్ డేటా మీద బయటి సర్వర్‌తో పరీక్ష చేసేటప్పుడు లెక్క చూసుకోండి. 100 మెగాబిట్ల వేగంతో పది సెకన్లు నడిస్తే 125 మెగాబైట్లు ఖర్చవుతాయి. ఎనిమిది బిట్లు ఒక బైటు కదా.

చివరిది, అన్నిటికంటే పెద్దది. నెట్ మెల్లగా ఉందని ఇంటర్నెట్‌లో దొరికిన కస్టమర్ కేర్ నంబరుకు ఫోన్ చేస్తారు. అవతలివాడు చాలా మర్యాదగా, సార్, ఒక టెస్టింగ్ యాప్ పెట్టుకోండి, తెర మీద వచ్చిన నంబరు చెప్పండి, మేమే సరిచేస్తాం అంటాడు. అది నెట్‌ను కొలిచే యాప్ కాదు. మీ తెరను వాడి చేతికిచ్చే యాప్. తర్వాత ఖాతాలో ఏమవుతుందో బ్యాంకు కుటుంబాలకు నేను చెప్పనక్కరలేదు. రిమోట్ యాక్సెస్ యాప్‌లతో జరిగే ఇలాంటి మోసాల గురించి 2019 ఫిబ్రవరిలోనే రిజర్వు బ్యాంకు హెచ్చరించింది. నెట్ కొలవడానికి ఓటీపీ అక్కర్లేదు, పిన్ అక్కర్లేదు, తెర ఎవరికీ చూపనక్కరలేదు. ఇవాళ నేను చెప్పిన సాధనాల్లో ఏదీ వీటిలో ఒక్కటి కూడా అడగదు. ఎవరైనా మోసపోతే సిగ్గుపడి దాచకండి. వెంటనే 1930కి ఫోన్ చేయండి, బ్యాంకుకూ చెప్పండి. ఇందులో నిమిషాలే విలువైనవి.

కొలిచాక లోపం నిజంగా బయటే ఉందని తేలితే, ఒక కాగితం మీద తేదీ, వేళ, రౌటర్ దాకా వచ్చిన అంకె, బయటికి వచ్చిన అంకె రాయండి. ఉదయం, మధ్యాహ్నం, రాత్రి మూడు వేళలా మూడు రోజులు రాస్తే చాలు. బిల్లు మీద ముద్రించిన నంబరుకే ఫోన్ చేసి, కోపం లేకుండా ఆ అంకెలు చదవండి. ఫిర్యాదు నంబరు అడిగి అదే కాగితం మీద రాసుకోండి. మెల్లగా ఉందని చెప్పినవాడికి రౌటర్ ఆపి వేయమనే జవాబు వస్తుంది. కేబుల్ మీద రౌటర్ దాకా ఒక మిల్లీసెకను, బయటికి రాత్రి తొమ్మిదికి ఇరవైలో ఆరు పిలుపులు పోతున్నాయి అని చెప్పినవాడి ఇంటికి మనిషి వస్తాడు.

లాప్‌టాప్‌లు తెచ్చుకున్నవాళ్లు టీ తాగాక ఈ బల్ల దగ్గరికి రండి. ఇద్దరిద్దరు జతగా కూర్చోండి, ఒకరు వినేవారు, ఒకరు పంపేవారు. ఆప్ట్ అప్‌డేట్ దగ్గర మొదలుపెట్టి, ఆటోరిమూవ్ దాకా ఒకసారి కలిసి చేద్దాం. పిల్లలు టైపు చేయండి, పెద్దలు తెర మీద వచ్చిన వరుస పైకి చదవండి. చదివాకే అవును నొక్కాలి.